కొత్త చైన్ కోసేముందు లింకులు లెక్కపెట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం చైన్ గురించే ఉన్నాయి. ఒకరి చైన్ వేలాడుతోంది, ఇంకొకరిది ఊడిపోతోంది, ఒకాయన సైకిల్‌కైతే వెనక గేరు మార్చే భాగమే విరిగిపోయింది. అందుకని బ్రేకులు, టైర్ల ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి చైన్ సంగతి ఒక్కటే తీసుకున్నాను. పెడల్ కొన్నా, సీటు కొన్నా తెచ్చి బిగించేస్తాం, సరిపోతుంది. చైన్ అలా కాదు, మన సైకిల్ కొలతకి కోసి వేసుకోవాలి, ఆ కోత ఒక్క అంగుళం తప్పినా ఎంత నష్టం జరుగుతుందో ఖమ్మం నుంచి వచ్చిన ఈ మొదటి ఉత్తరం చూడండి.

ప్రశ్న: మా అబ్బాయిది 21 గేర్ల సైకిల్. చైన్, వెనక ఫ్రీవీల్ (పళ్లచక్రాల గుత్తి) రెండూ అరిగిపోయాయంటే రెండూ మార్పించాను. ఎత్తులు తేలిగ్గా ఎక్కొచ్చని ఈసారి పెద్ద పళ్లచక్రం ఉన్న ఫ్రీవీల్ వేయించుకున్నాడు. షాపులో పాత చైన్‌ని కొత్తదాని పక్కన వేలాడదీసి, రెండూ సమానంగా ఉండేట్టు కోసి వేశారు. పది రోజులు బాగానే నడిచింది. మొన్న ఫ్లైఓవర్ ఎక్కుతూ గేరు మార్చగానే వెనక గేరు మార్చే భాగం, అదే డిరేలర్, మెలితిరిగి చక్రం పుల్లల్లోకి దూరింది, నాలుగు పుల్లలు తెగాయి. వాడికి దెబ్బలేమీ తగల్లేదు. చైన్ నాసిరకమా, మావాడు గేరు మార్చడంలో ఏమైనా తప్పు చేశాడా? పళ్ల లెక్క: ముందు 42-34-24, పాత ఫ్రీవీల్ 14 నుంచి 28, కొత్తది 14 నుంచి 34. పెడల్ యాక్సిల్ నుంచి వెనక యాక్సిల్ దాకా పదిహేడుంపావు అంగుళాలు ఉంది.

జవాబు: అబ్బాయికి ఏమీ కాలేదు కదా, ముందు అది చాలా సంతోషం. వాడి తప్పు ఇందులో అసలు లేదండీ, వాణ్ని ఏమీ అనకండి. చైన్ నాసిరకమూ కాదు. అది పొట్టిదైంది, అంతే.

మీరు పళ్లు లెక్కపెట్టి, దూరం కొలిచి రాశారు కాబట్టి ఎంత పొట్టిదైందో ఇక్కడే చూసుకోవచ్చు. గేర్ల సైకిల్‌కి చైన్ పొడవు కట్టే లెక్క ఇది. పెడల్ యాక్సిల్ మధ్య నుంచి వెనక చక్రం యాక్సిల్ మధ్యకి ఉన్న దూరాన్ని అంగుళాల్లో కొలిచి రెట్టింపు చేయాలి. దానికి ముందున్న పెద్ద చక్రం పళ్లలో నాలుగో వంతు, వెనకున్న పెద్ద చక్రం పళ్లలో నాలుగో వంతు కలపాలి. ఆపైన ఇంకో అంగుళం వేయాలి. మీ పాత ఫ్రీవీల్‌తో అయితే 34.5, 10.5, 7, 1 కలిపి సరిగ్గా 53 అంగుళాలు. కొత్త ఫ్రీవీల్‌లో పెద్ద చక్రం 34 పళ్లది, కాబట్టి 7 బదులు 8.5 వస్తుంది, మొత్తం 54.5 అవుతుంది. చైన్‌ని అర అంగుళం దగ్గర కోస్తే రెండు కొసలూ కలవవు, కాబట్టి పైకి తీసుకుని 55 అనుకోవాలి.

చివర్లో వేసిన ఆ ఒక్క అంగుళం డిరేలర్ కోసం. అది తీసేసి చూడండి, రెండు పెద్ద చక్రాల చుట్టూ చైన్ తిరిగి రావడానికే 53.5 అంగుళాలు కావాలి. మీకు వేసింది పాత చైన్ కొలతకి కోసిన చైన్, అంటే 53. డిరేలర్ సంగతి అలా ఉంచండి, రెండు పెద్ద చక్రాల చుట్టూ తిరగడానికే అది చాలదు. పది రోజులు ఎలా నడిచిందంటే, మీవాడు అన్ని రోజులూ ముందు పెద్దదీ వెనక పెద్దదీ ఒకేసారి వేసి ఉండడు. ఎత్తు ఎక్కేటప్పుడు మామూలుగా ముందు మధ్య చక్రంలో ఉంటారు. ఆ రోజు ముందు 42 మీదే ఉండి వెనక 34కి మార్చాడు, చైన్ సగం ఎక్కి బిగుసుకుపోయింది, కాళ్ల బలం అంతా వెళ్లి డిరేలర్‌ని ముందుకి లాగింది. అది వేలాడేది హ్యాంగర్ అనే చిన్న ముక్క మీద, ముందు వంగేది అదే, వంగగానే డిరేలర్ పుల్లల్లోకి వెళుతుంది.

పాత చైన్‌ని చూసి కొత్తది కోయడం మన దగ్గర ప్రతి షాపులోనూ చేసే పనే. సైకిల్ మీద పళ్లచక్రాలేవీ మార్చకుండా, పాత చైన్ పొడవు మొదటినుంచీ సరిగ్గా ఉండి ఉంటే అందులో తప్పు లేదు. కానీ అప్పుడు కూడా పక్కపక్కన వేలాడదీసి కొసలు చూడకూడదు. పాత చైన్ అరిగి సాగి ఉంటుంది. నూటికి ఒక వంతు సాగినా 53 అంగుళాల మీద అర అంగుళం పైన తేడా వస్తుంది. లింకులే లెక్కపెట్టాలి, ఒకటికి రెండుసార్లు, వీలైతే ఇద్దరు మనుషులు విడివిడిగా.

ఇక్కడ లింకు అనే మాట దగ్గరే చాలామంది పొరపాటు పడుతున్నారు, కొంచెం ఓపిగ్గా చదవండి. సైకిల్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల సైకిల్ నుంచి లక్షల ఖరీదు చేసే సైకిల్ దాకా మీరు బజార్లో చూసేవన్నీ దాదాపు ఇదే కొలత. పెట్టె మీద 116 లింకులు అని రాశారంటే అర అంగుళం ముక్కలు 116, మొత్తం 58 అంగుళాలు. కొంతమంది మెకానిక్‌లు మాత్రం లోపలి పలకల ముక్క, బయటి పలకల ముక్క కలిపి ఒక లింకు అంటారు. వాళ్ల ఒక లింకు పెట్టె లెక్కలో రెండు. 'రెండు లింకులు ఎక్కువ ఉంచు' అని ఫోన్లో చెబితే ఒకరు ఒక అంగుళం, ఇంకొకరు రెండంగుళాలు ఉంచడం ఇలాగే జరుగుతుంది. కాబట్టి అంగుళాల్లో మాట్లాడుకోండి. మీ సైకిల్‌కి కావలసింది 55 అంగుళాలు, అంటే పెట్టె లెక్కలో 110 లింకులు. 116ది కొంటే ఆరు తీసేయాలి.

లెక్క కట్టాక కూడా సైకిల్ మీద వేసి చూడకుండా కోయొద్దు. కొత్త చైన్‌ని డిరేలర్‌లోంచి పోనివ్వకుండా, ముందు పెద్ద చక్రం మీదుగా, వెనక పెద్ద చక్రం మీదుగా నేరుగా తిప్పండి. ముందు గేరు మార్చే భాగంలోంచి మాత్రం పోనివ్వాలి. చైన్‌ని బిగుతుగా లాగి పట్టుకుంటే రెండు కొసలు కలవగలిగే అతి దగ్గరి చోటు ఒకటి కనిపిస్తుంది. అక్కడ కోయకూడదు. అక్కడి నుంచి ఇంకో రెండు పిన్నులు, అంటే ఒక అంగుళం, పొడవు వైపు లెక్కపెట్టి అక్కడ స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. క్విక్ లింక్‌తో (పిన్ను కొట్టకుండా రెండు కొసల్నీ కలిపే ముక్కతో) కలిపేట్టయితే కోశాక రెండు కొసలా లోపలి పలకలే మిగలాలి, ఎందుకంటే క్విక్ లింకే ఒక బయటి ముక్క, దాన్ని కూడా లెక్కలో వేయాలి. పిన్నుతో కలిపేట్టయితే ఒక కొస లోపలిది, ఒక కొస బయటిది ఉండాలి. ఏ కొస ఏ రకమో చూసుకోకుండా కోసి, ఆ తర్వాత కలవక ఇంకో ముక్క కోసి, చివరికి చైన్ పొట్టి చేసుకున్నవాళ్లు చాలామంది.

ఆ చాలామందిలో నేనూ ఉన్నాను. మా నాన్నగారి సైకిల్ షాపులో గంటకింతని అద్దెకిచ్చే సైకిళ్లకి చైన్లు వేస్తూ పెరిగినవాణ్ని, నా చేతికి తెలుసులే అనుకుని మొదటి గేర్ల సైకిల్‌కి కొలవకుండా కోశాను, అంగుళం పొట్టిదైంది. అది ఆ ఊరి టీచరు గారి సైకిల్. ఆయనకి కొత్త చైన్ నా డబ్బుతో కొనిచ్చాను. అప్పటినుంచి కోసిన ప్రతి ముక్కనీ పారేయకుండా డబ్బాలో పడేసి, ఏ చైన్‌దో కాగితం ముక్క మీద రాసి పెడతాను. మీరూ ఆ ముక్క దాచుకోండి, ఎప్పుడైనా పెద్ద ఫ్రీవీల్ వేసుకుంటే అదే చైన్‌కి రెండు క్విక్ లింకులతో అతికించుకోవచ్చు.

చైన్ వేశాక రెండు పరీక్షలు ఉన్నాయి. వెనక చక్రం గాల్లోకి లేపి, చేత్తో పెడల్ తిప్పుతూ ముందు పెద్దది, వెనక పెద్దది వేయండి. నెమ్మదిగా వేయండి, బిగుసుకుంటుంటే అక్కడే ఆపేయండి. డిరేలర్ కింది చేయి ముందుకి సాగినా, చైన్ అందులోంచి ఇంకా కొంచెం వంపు తిరిగి పోతూ ఉండాలి, తీగలా నిటారుగా లాగేసినట్టు ఉండకూడదు. ఆ తర్వాత ముందు చిన్నది, వెనక చిన్నది. ఇప్పుడు చైన్ వేలాడకూడదు, డిరేలర్ దగ్గర తన మీద తనే రాసుకోకూడదు. మీ సైకిల్‌లో ముందు తేడా 18 పళ్లు, వెనక తేడా ఇప్పుడు 20 పళ్లు, మొత్తం 38 పళ్ల తేడాని డిరేలర్ సర్దుకోగలగాలి. కొత్త డిరేలర్ ఎలాగూ కొంటున్నారు కాబట్టి 34 పళ్ల చక్రానికి, 38 పళ్ల తేడాకి పనికొస్తుందా అని అడిగి మరీ తీసుకోండి. ఎప్పుడైనా రెండు పరీక్షలూ ఒకేసారి నెగ్గకపోతే పెద్ద-పెద్ద పరీక్షకే చైన్ కోయండి. చిన్న-చిన్న మీద కాస్త వేలాడితే శబ్దం వస్తుంది, ఆ గేరు వాడకుండా ఉంటే సరి. పెద్ద-పెద్ద మీద చాలకపోతే ఏమవుతుందో మీరు చూశారు.

ఇంకో మాట, హ్యాంగర్ నిటారుగా ఉందో లేదో చూపించకుండా కొత్త డిరేలర్ వేయించకండి. కంటికి బాగానే కనిపిస్తుంది, కొద్దిగా లోపలికి వంగి ఉన్నా చాలు, మళ్లీ పుల్లల దాకా వెళుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. ఆదివారాలు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను. నాది ముందు రెండు, వెనక పది చక్రాల సైకిల్. షాపులో '20 గేర్ల చైన్' అడిగితే లేదన్నారు, ఎనిమిది స్పీడ్ చైన్ అన్నిటికీ సరిపోతుందని ఇచ్చారు. వేశాక గేర్లు సరిగ్గా పడటం లేదు, గరగరమంటోంది. పొడవు పాతదానితో సరిగ్గా లెక్కపెట్టే వేశాను.

జవాబు: పొడవు సరే, మందం తప్పు. ఆ చైన్ తీసేయండి.

చైన్ అడిగేటప్పుడు మొత్తం గేర్ల లెక్క చెప్పకూడదు. వెనక ఎన్ని చక్రాలున్నాయో అది చెప్పాలి. పై ఉత్తరంలో 21 గేర్ల సైకిల్‌కి కావలసింది ఏడు స్పీడ్ చైన్, మీకు పది స్పీడ్ చైన్. వెనక చక్రాలు పెరిగే కొద్దీ వాటి మధ్య సందు తగ్గుతుంది, చైన్ పలచబడాలి. పిన్ను ఈ కొస నుంచి ఆ కొసకి కొలిస్తే ఏడు, ఎనిమిది స్పీడ్ చైన్లు సుమారు 7 మిల్లీమీటర్ల పైన ఉంటాయి, తొమ్మిదిది సుమారు 6.6, పదిది 6కి అటూ ఇటూ, పదకొండుది 5.5 దగ్గర. మీరు 6 మిల్లీమీటర్ల చైన్ తిరగాల్సిన చోట 7 మిల్లీమీటర్లది తిప్పుతున్నారు, అది పక్క చక్రాన్ని గీకుతోంది, ఆ గరగర అదే. గేర్లు లేని సైకిల్‌దైతే ఇంకా వేరు, లోపలి వెడల్పు 1/8 అంగుళం, గేర్ల సైకిళ్లలో ఎనిమిది స్పీడ్ దాకా 3/32. ఈ అంకె పెట్టె మీద ఉంటుంది, డబ్బులిచ్చే ముందు చదవండి.

పది, పదకొండు స్పీడ్ చైన్లలో ఒకసారి బయటికి నెట్టిన పిన్నుని మళ్లీ అదే రంధ్రంలోకి కొట్టకండి. ఆ పలకలు పలచన, పిన్ను పట్టు పోతుంది, తొక్కుతుంటే తెగుతుంది. ఆ చైన్‌కే చేసిన కొత్త జాయింటు పిన్ను గానీ క్విక్ లింక్ గానీ వాడాలి. క్విక్ లింక్ కూడా పది స్పీడ్‌దే అయి ఉండాలి.

మీ పొడవు గురించి ఒక్కమాట. వెనక పెద్ద చక్రం 27 పళ్లు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న రోడ్ సైకిళ్లకి షిమానో వాళ్లు ఇంకో పద్ధతి చెబుతారు. ముందు పెద్దది, వెనక అతి చిన్నది వేసి, చైన్‌ని డిరేలర్‌లోంచే పోనిచ్చి కలిపినప్పుడు, డిరేలర్‌లోని రెండు చిన్న చక్రాలూ ఒకదాని కింద ఒకటి నేలకి నిలువుగా ఉండాలి. 28, ఆపైన అయితే పైన చెప్పిన పెద్ద-పెద్ద పద్ధతే. మీది ఏదో పళ్లు లెక్కపెట్టి చూసుకోండి.

ప్రశ్న: బాబూ, నా వయసు 71. రావులపాలెం. నాది గేర్లు లేని 22 అంగుళాల పాత సైకిల్, రోజూ తోటకి దాని మీదే వెళ్తాను. చైన్ పదేపదే ఊడిపోతోంది. చక్రం గాడి చివరిదాకా వచ్చేసిందని మెకానిక్ చైన్‌లో ఒక లింకు తీసేశాడు. దాంతో చక్రం బాగా ముందుకి వచ్చింది, వెనక బ్రేకు రబ్బర్లు సరిగ్గా అంటడం లేదు. మూడు నెలలకే మళ్లీ వదులైంది. ఇంకో లింకు తీయించమంటావా, కొత్తది వేయించమంటావా? ముందు 48 పళ్లు, వెనక 18.

జవాబు: కొత్తది వేయించండి బాబాయ్ గారూ, ఇంకో లింకు మాత్రం తీయించవద్దు. దాంతోపాటు వెనక ఫ్రీవీల్ కూడా మార్చాల్సి రావచ్చు, ఎందుకో చెబుతాను.

మనం చైన్ సాగింది అంటాం గానీ ఇనుప పలకలు సాగవు. 1880లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజినీరు పిన్ను చుట్టూ బుష్షు, దాని చుట్టూ తిరిగే రోలరు పెట్టి చైన్ తయారుచేశాడు, మీ సైకిల్ చైన్ ఇవాళ్టికీ ఆ కుటుంబానిదే. పిన్నుకీ బుష్షుకీ మధ్య దుమ్ము, ఇసుక చేరి లోపలే అరుగుతాయి. ఒక్కో చోట వెంట్రుకవాసి అరిగినా నూరు చోట్ల కలిస్తే అర అంగుళం అవుతుంది. అప్పుడు చైన్ పొడవవడం ఒక్కటే కాదు, లింకుకీ లింకుకీ మధ్య దూరం పళ్ల మధ్య దూరంతో సరిపోదు, అందుకే పళ్ల మీద పైపైన కూర్చుని ఊడిపోతుంది. లింకు తీస్తే పొడవు తగ్గుతుంది గానీ ఈ దూరం మారదు కదా. మీకు మూడు నెలలకే మళ్లీ మొదలైంది అందుకే.

ఇంట్లో పిల్లల స్కేలు ఉంటే మీరే చూసుకోవచ్చు. చైన్ బిగుతుగా ఉన్నచోట ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టండి. కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత ఇంకో పిన్ను నడిమధ్యకి వస్తుంది. ఆ పిన్ను గీత దాటి 1/16 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పోయిందంటే సగం అరిగినట్టు. 1/8 పోయిందంటే, అంటే మూడు మిల్లీమీటర్లు, చైన్ పని అయిపోయింది, అలాంటి చైన్‌తో చాలాకాలం తొక్కి ఉంటే వెనక చిన్న చక్రం పళ్లు కూడా దాని ప్రకారమే అరిగి ఉంటాయి. పళ్లు ఒక పక్కకి వంకర తిరిగి కొక్కేల్లా ఉంటే ఫ్రీవీల్ మార్చాలి. ముందు 48 పళ్లది తొందరగా పోదు, చూసి ఉంచుకోవచ్చు.

ఇప్పుడు కొలత. మీ సైకిల్‌కి డిరేలర్ లేదు కాబట్టి ఆ ఒక అంగుళం అదనం అక్కర్లేదు, చైన్ బిగువంతా చక్రాన్ని గాడిలో ముందుకీ వెనక్కీ జరపడంతోనే వస్తుంది. కొత్త చైన్ వేసేటప్పుడు చక్రం గాడిలో ముందు భాగంలో ఉండేట్టు చూసి కోయించండి, అప్పుడు రాబోయే రోజుల్లో అరిగే కొద్దీ వెనక్కి లాగుకోవడానికి చోటుంటుంది. కానీ మరీ ముందుకి కాదు, బ్రేకు రబ్బర్లు రిమ్ముకి సరిగ్గా అంటే చోటే మీకు హద్దు. చైన్‌లో ఒక అంగుళం తీస్తే చక్రం అర అంగుళం ముందుకి వస్తుంది, మీ మెకానిక్ చేసింది ఇదే, బ్రేకు తప్పింది ఇందుకే. అంగుళం తీస్తే పొట్టి, తీయకపోతే వదులు అనే పరిస్థితి వస్తే హాఫ్ లింక్ అని ఒకటి దొరుకుతుంది, ఒక కొస వెడల్పుగా, ఒక కొస సన్నగా ఉంటుంది, దాంతో అర అంగుళం సర్దుకోవచ్చు. మీ సైకిల్ చైన్‌కి 1/8 వెడల్పుదే అడగాలి.

బిగించాక కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి, మొత్తం అర అంగుళం దాకా ఆడాలి. ముందు చక్రం ఎంత మంచిదైనా నూటికి నూరు పాళ్లు గుండ్రంగా ఉండదు, కాబట్టి పెడల్ నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో ఆ చోట చూడాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగించేస్తే, బిగుతైన చోటికి వచ్చేసరికి తొక్కుడు బరువైపోతుంది, హబ్బు బాల్సు పాడవుతాయి. మీ వయసులో రోజూ తొక్కుతున్నారు, ఆ సైకిల్ తేలిగ్గా నడవాలని నా కోరిక. పనిలో పనిగా వెనక బ్రేకు కూడా సరిచేయించుకుని, అప్పుడే తోటకి బయల్దేరండి.

ప్రశ్న: విశాఖపట్నం, బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. కొత్త చైన్ వేసి రెండు వారాలైంది. లింకులు లెక్కపెట్టే వేశాం, పెద్ద-పెద్ద, చిన్న-చిన్న రెండు పరీక్షలూ చేశాం. అయినా తొక్కుతుంటే టక్కుమని జారుతోంది. ఇంకో రెండు లింకులు తీస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు, దయచేసి తీయకండి. రెండు పరీక్షలూ నెగ్గిన చైన్‌లో లింకులు తీస్తే ఖమ్మం అబ్బాయి సైకిల్‌కి జరిగిందే మీకూ జరుగుతుంది.

ఎప్పుడు జారుతోందో గమనించండి. గట్టిగా తొక్కినప్పుడు, అదీ మీరు రోజూ వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే, ఆ పళ్లచక్రాలు పాత చైన్‌తో కలిసి అరిగిపోయాయి, కొత్త చైన్ వాటి మీద కూర్చోవడం లేదు. చైన్ సరైనదే, ఫ్రీవీల్ మార్చాలి. అలా కాకుండా ఏ గేరులో ఉన్నా, నెమ్మదిగా తొక్కినా, ఒకే లెక్కన ఆగి ఆగి టక్కుమంటుంటే ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయింది. ముందు 42 పళ్లు, చైన్ 106 లింకులు అనుకుంటే ఆ లింకు చుట్టు తిరిగి రావడానికి పెడల్ రెండున్నర చుట్లు పడుతుంది, కాబట్టి రెండున్నర చుట్లకోసారి టక్కుమంటుంది. లెక్కపెట్టి చూడండి, ఇట్టే తెలిసిపోతుంది.

బిగుసుకున్న లింకు పట్టుకోవాలంటే పెడల్ వెనక్కి మెల్లగా తిప్పుతూ డిరేలర్‌లోని కింది చిన్న చక్రం దగ్గర చూడండి. అన్ని లింకులూ వంగి పోతుంటాయి, అది మాత్రం వంగకుండా మోకాలు పట్టేసినట్టు పైకి లేస్తుంది. ఎక్కువసార్లు అది మీరు పిన్ను కొట్టి కలిపిన చోటే ఉంటుంది. ఆ చోట రెండు పక్కలా బొటనవేళ్లతో పట్టుకుని చైన్‌ని పక్కలకి, అటూ ఇటూ మెల్లగా వంచితే వదులవుతుంది. అక్కడ కాకుండా వేరే చోట ఉంటే మీ ఉప్పు గాలి చేసిన తుప్పు అయి ఉంటుంది, ఒక చుక్క నూనె వేసి అలాగే వంచండి. సముద్రం పక్కన ఉండేవాళ్లు వారానికోసారి పొడి గుడ్డతో చైన్ తుడిచి, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. తడిగా వదిలేస్తే ఇసుక పట్టి అదే ఆకురాయిలా అరగదీస్తుంది.

ప్రశ్న: అన్నా, నూజివీడులో చదువుకుంటున్నాను. నాది గేర్లు లేని లేడీస్ సైకిల్. చైన్ లాక్ (చైన్ రెండు కొసల్నీ కలిపే ముక్క) మీదుండే చిన్న క్లిప్పు రెండుసార్లు ఊడి పడిపోయింది. ఒకసారి చీకట్లో, హాస్టల్‌కి రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ వచ్చాను. క్లిప్పు ఎటువైపు పెట్టాలి?

జవాబు: చీకట్లో అలా నడవాల్సి వచ్చినందుకు బాధేసిందమ్మా. ఆ క్లిప్పుకి ఒక కొస మూసి ఉంటుంది, ఒక కొస చీలి ఉంటుంది. చైన్ ఎటు పరుగెడుతుందో మూసిన కొస అటు ఉండాలి. క్లిప్పుని పై వరసలో పెట్టుకుని చూస్తే తేలిక. పై వరస వెనక చక్రం నుంచి పెడల్ వైపుకి వస్తుంది, కాబట్టి మూసిన కొస పెడల్ వైపు, చీలిక వెనక చక్రం వైపు. తిరగేసి పెడితే చైన్ కవర్‌కో, గడ్డికో చీలిక తగిలి క్లిప్పు విప్పుకుంటుంది, నీకు రెండుసార్లూ అదే అయి ఉంటుంది. ఒకసారి ఊడిన క్లిప్పు వదులై ఉంటుంది, మళ్లీ అదే వాడకు, 1/8 చైన్‌కి కొత్త లాక్ మొత్తం కొనుక్కో, క్లిప్పు ఒక్కటే కాదు. కటింగ్ ప్లయర్ అంచుతో నెట్టి పెట్టాక పెడల్ వెనక్కి తిప్పుతూ దగ్గరగా చూడు, క్లిప్పు రెండు పిన్నుల గాళ్లలోనూ పూర్తిగా కూర్చుని ఉండాలి. ఒక్క గాడిలోనే కూర్చుంటే తీసి మళ్లీ పెట్టు. ఇంకో లాక్ ఒకటి కొని బ్యాగులో వేసి ఉంచుకో.